తిరిగి వస్తారని రుజువేమిటి?

దరఖాస్తుతో జతపరచవలసిన పత్రాల జాబితాను మా చిన్నబ్బాయి పైకి చదువుతున్నాడు. పాస్‌పోర్టు, ఫోటో, ఆహ్వాన లేఖ, విమాన ప్రయాణ వివరాలు, బ్యాంకు ఖాతా వివరాలు... అన్నీ ఒకదాని తరువాత ఒకటి సాగిపోతుంటే నేను తల ఊపుతూ ఉన్నాను. చివర ఒక అంశం దగ్గర వాడు ఆగిపోయాడు. "అబ్బా, దీనికి ఏం పెడదాం?" అన్నాడు. గడువు ముగిసేలోగా స్వదేశానికి తిరిగి వెళతారని నిరూపించే ఆధారాలు జతపరచండి అని దాని సారాంశం.

అప్పుడు మేము ఇబ్రహీంపట్నం రింగు దగ్గర ఒక చిన్న ఇంటర్నెట్ కేంద్రంలో కూర్చుని ఉన్నాము. అస్ర్ నమాజు ముగించుకొని వచ్చాము. బయట లారీల రొద. హైదరాబాదు వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి అక్కడి నుంచే పోతుంది. ఎక్కడో ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో బయలుదేరిన 30వ నంబరు రహదారి సుమారు 2,000 కిలోమీటర్లు నడిచి వచ్చి మా ఊరి దగ్గరే ముగుస్తుంది. ఇంత పొడవైన దారి వచ్చి ఆగిపోయే ఊళ్ళో పుట్టి, పెరిగి, ఉద్యోగం చేసి, పదవీ విరమణ పొందిన మనిషిని, నీవు ఇక్కడికే తిరిగి వస్తావని రుజువేమిటని అడుగుతున్నారు. నవ్వు వచ్చింది. నవ్వు తగ్గాక ఆలోచన మొదలైంది.

మా అమ్మాయి, అల్లుడు బ్రెజిల్ దేశంలోని సావో పాలో నగరంలో ఉంటున్నారు. అల్లునిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అమ్మాయికి తొలి కాన్పు. మన వైపు తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది ఆనవాయితీ. ఆనవాయితీకి షరీఅత్‌లో ఫర్జ్ హోదా ఏమీ లేదు గానీ తల్లి మనసుకు అది ఫర్జ్ కన్నా తక్కువ కాదు. అమ్మాయికి రక్తపోటు ఎక్కువగా ఉన్నందున అంత దూరం విమాన ప్రయాణం వద్దని అక్కడి వైద్యురాలు చెప్పింది. బిడ్డ తల్లి దగ్గరకు రాలేకపోతే తల్లే బిడ్డ దగ్గరకు వెళ్ళాలి. మా ఇంటావిడ ఒంటరిగా అంత దూరం వెళ్ళజాలదు, నేను తోడు వెళ్ళవలసిందే. మా ఊరికీ సావో పాలోకూ మధ్య 14,000 కిలోమీటర్ల పైచిలుకు దూరం. విజయవాడలో ఏ దక్షిణ అమెరికా దేశపు కాన్సులేటూ లేదు. బ్రెజిల్ రాయబార కార్యాలయం ఢిల్లీలోనూ, కాన్సులేటు ముంబైలోనూ ఉన్నాయి. కనుక మా కాగితాలు మాకంటే ముందు ప్రయాణం కట్టాలి.

బ్రెజిల్ 2017లో చేసుకున్న వలస చట్టం ప్రకారం సందర్శకుల వీసా మీద 90 రోజుల వరకు ఉండవచ్చు. పొడిగింపు కోరవచ్చు గానీ మొత్తం మీద ఏడాదిలో 180 రోజులు మించరాదు. అక్కడ సంపాదనకు పూనుకోరాదు. ఇందులో మాకు ఇబ్బంది కలిగించేది ఏదీ లేదు. ఇబ్బంది అంతా మా పేర్లలోనే ఉంది.

ఈ పత్రిక పాఠకుల్లో చాలామందికి ఈ బాధ అనుభవమే అయి ఉంటుంది. మన ఇళ్ళలో 'షేక్' అన్న ఒక్క మాటకు ఎన్ని రూపాలున్నాయో లెక్కించండి. నా పదో తరగతి ధ్రువపత్రంలో అది 'ఎస్.కె.' అన్న రెండక్షరాలు. ఉద్యోగపు రికార్డులో పూర్తిగా రాశారు గానీ పేరుకు ముందు రాశారు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలోకి వెళ్ళింది. ఆధార్‌లో ఇంగ్లీషు స్పెల్లింగు వేరు, చివర ఒక హెచ్ అక్షరం అదనంగా చేరింది. మా ఇంటావిడ పేరు చివరి 'బేగం' రేషన్ కార్డులో 'బీ' అయింది, బ్యాంకులో ఏమీ లేకుండా పోయింది. ఇంట్లో ఆమె ఒక్కతే. కాగితాల మీద ముగ్గురు స్త్రీలు! మొహమ్మద్‌ను 'ఎం.డి.' అనీ, సయ్యద్‌ను 'ఎస్.డి.' అనీ కుదించి రాసిన పాత గుమాస్తాలకు, ఏనాడో ఒకనాడు ఈ పేరు సముద్రాలు దాటి ఒక పరాయి అధికారి బల్ల మీద పడుతుందని తోచి ఉండదు. తోచవలసింది మనకు. బిడ్డ పుట్టిన నాడు జనన ధ్రువపత్రంలోనూ, బడిలో చేర్చిన నాడు రిజిస్టరులోనూ పేరు ఒకే విధంగా, కుదింపు లేకుండా రాయించడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు మా పెద్దలు వెచ్చించలేదు, మేమూ వెచ్చించలేదు. ఇప్పుడు నోటరీ దగ్గర ప్రమాణ పత్రాలు రాయించడానికి పది రోజులు వెచ్చించాము.

పేర్ల తరువాత చిరునామా. నా పాస్‌పోర్టులో కృష్ణా జిల్లా అని ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి మా ఊరు ఎన్టీఆర్ జిల్లాలో చేరింది. అంతకు ముందే గ్రామ పంచాయతీ పోయి కొండపల్లి పురపాలక సంఘంలో కలిసింది. ఇంటి నంబరు మారింది. అదే ఇల్లు, అదే వేపచెట్టు, అదే గుమ్మం. మేము అంగుళమైనా కదలలేదు, మా చిరునామా కదిలింది. పైగా హైదరాబాదు పక్కన మరొక ఇబ్రహీంపట్నం ఉంది, జగిత్యాల జిల్లాలో ఇంకొకటి ఉంది. మా ఊరి ఉత్తరాలు ఆ ఊళ్ళు చూసి రావడం కొత్త కాదు. పాస్‌పోర్టు వెనక్కి పంపే కవరు మీద 'విజయవాడ దగ్గర' అని మా అబ్బాయి రెండు చోట్ల రాశాడు.

అమ్మాయికి మేము తల్లిదండ్రులమని చూపడం మాత్రం అనుకున్నంత కష్టం కాలేదు. భారతీయ పాస్‌పోర్టు చివరి పుటలో తండ్రి పేరు, తల్లి పేరు ఉంటాయి. అమ్మాయి పాస్‌పోర్టు నకలు సరిపోయింది. మేమిద్దరం భార్యాభర్తలమని చూపడానికి నికాహ్‌నామా తీయవలసి వచ్చింది. అది ఉర్దూలో ఉంది, ఇంగ్లీషులోకి అనువదింపజేసి నోటరీ చేయించాలి. ముప్ఫయి ఆరేళ్ళ తరువాత ట్రంకు పెట్టెలోంచి ఆ కాగితం బయటికి వచ్చింది. మడతల దగ్గర చిరిగిపోతోంది. అనువాదకుడు పైకి చదువుతుంటే మహర్ దగ్గర మా ఇంటావిడ చెవి ఒగ్గింది. "ఇది నాకు ముట్టిందా?" అని అడిగింది. ముట్టిందని, దానితో ఆమె కుట్టుమిషను కొనుక్కున్నదని గుర్తు చేశాను. "అవును, మిషను ఇప్పటికీ పనిచేస్తోంది," అన్నది. అనువాదకుడు నవ్వి, అది అనువాదంలో చేర్చవలసిన అవసరం లేదన్నాడు.

ఫోటో విషయంలో సోదరీమణులకు ఒక మాట. తలపై దుపట్టా తీయాలేమోనని మా ఇంటావిడ రెండు రాత్రులు మథనపడింది. మత విశ్వాసం కారణంగా తల కప్పుకోవడానికి అభ్యంతరం లేదు. నుదుటి నుంచి గడ్డం వరకు ముఖం స్పష్టంగా కనబడాలి, నీడ పడరాదు, అంతే. ఫోటో స్టూడియో కుర్రవాడు "చాచీ, తెల్ల దుపట్టా వద్దు, వెనక గోడా తెల్లదే, తల కలిసిపోతుంది," అని చెప్పి తన చెల్లెలి నల్ల దుపట్టా తెప్పించి ఇచ్చాడు.

ఇక డబ్బు సంగతి. దీని గురించి కొంచెం విపులంగా చెప్పాలి.

మేము మొదట విజయవాడలో ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాము. అక్కడి యువకుడు మర్యాదస్తుడే. మా బ్యాంకు ఖాతా వివరాలు చూసి పెదవి విరిచాడు. ప్రతి నెలా పెన్షన్ పడుతుంది, పది పన్నెండు రోజుల్లో ఖర్చవుతుంది, కొద్దిగా మిగులుతుంది. "ఫిక్స్‌డ్ డిపాజిట్లు ఏమున్నాయి సార్?" అన్నాడు. లేవన్నాను. "రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ము?" అని అడిగాడు. కొంత 2019లో మేమిద్దరం హజ్ చేయడానికి, కొంత ఇంటి ముందు రెండు దుకాణపు గదులు కట్టడానికి వెచ్చించామని చెప్పాను. వడ్డీ కోసం బ్యాంకులో డబ్బు ఉంచలేదని చెప్పినప్పుడు అతడు నన్ను జాలిగా చూశాడు. జాలిపడటం అతని తప్పు కాదు. వడ్డీకి దూరంగా ఉండే కుటుంబం ఎంత నిబ్బరంగా బతుకుతున్నా దాని బ్యాంకు పుస్తకం పలచగానే ఉంటుంది. కాన్సులేటు అధికారికి మన దీన్ కనబడదు, పుస్తకం ఒక్కటే కనబడుతుంది.

అతడు పరిష్కారం కూడా చెప్పాడు. అయిదు లక్షలు మా ఖాతాలో వేస్తారట. వీసా వచ్చే దాకా ఉంచుతారట. తరువాత తీసుకుంటారట. అందుకు నెలకు ఇంత అని రుసుము. రుసుము అన్నా, మరో పేరు పెట్టినా అది వడ్డీయే. రెండో సలహా ఇంకా సులువైనది. ప్రయాణ కారణం దగ్గర 'కుమార్తె కాన్పు' అని రాయవద్దు, 'పర్యటన' అని రాయండి, కాన్పు అంటే ఎక్కువ కాలం ఉండిపోతారని అనుమానిస్తారు అన్నాడు. ఇగ్వాసు జలపాతం చూడటానికి వెళ్తున్నట్టు ఒక ప్రయాణ ప్రణాళిక కూడా అతని దగ్గర సిద్ధంగా ఉంది.

ఆ రాత్రి ఇంట్లో వాదన జరిగింది. వాదన నాకూ మా ఇంటావిడకూ మధ్య అనుకునేరు, కాదు, నాకూ నాకూ మధ్యనే. అమ్మాయికి ఏడో నెల దాటింది. ఒకసారి తిరస్కరిస్తే మళ్ళీ దరఖాస్తు చేసి, మళ్ళీ ఎదురుచూసే వ్యవధి లేదు. ఒక చిన్న అబద్ధం, అదీ ఎవరికీ హాని చేయనిది, ఒక తల్లిని బిడ్డ దగ్గరకు చేరుస్తుందంటే తప్పా అని మనసు తర్కించింది. అబద్ధంతో వెళ్ళి పురిటి గదిలో బిడ్డ చెవిలో అజాన్ ఎలా చెప్పను అని మరుక్షణం అదే మనసు అడిగింది. మా ఇంటావిడ నిద్రపోతున్నదనుకున్నాను. చీకట్లోంచి ఆమె గొంతు వినిపించింది: "ఉన్నది రాయండి. ఇస్తే వెళదాం. ఇవ్వకపోతే మీరు నా పక్కన కూర్చుని ఫోనులో మాట్లాడదురు గాని."

మరునాడు కన్సల్టెన్సీకి వెళ్ళి ఆ యువకునికి కృతజ్ఞతలు చెప్పి కాగితాలు వెనక్కి తెచ్చుకున్నాను. ఆ తరువాతనే మా అబ్బాయి, నేను రింగు దగ్గర కూర్చుని దరఖాస్తు స్వయంగా నింపడం మొదలుపెట్టాము. కారణం దగ్గర ఉన్నదే రాశాము. ఖర్చంతా తాను భరిస్తానని అల్లుడు ఆహ్వాన లేఖ పంపాడు. బ్రెజిల్‌లో అలాంటి లేఖ మీద సంతకాన్ని 'కార్టోరియో' అనే నోటరీ కార్యాలయంలో ధ్రువపరుస్తారు. మన వైపు వలె కోర్టు ఆవరణలో చెట్టు కింద బల్ల వేసుకున్న నోటరీ కాదు, ప్రతి పేటలోనూ వరుసలు కట్టి జనం నిలబడే పెద్ద కార్యాలయమట. అల్లుని జీతపు పత్రాలు, అద్దె ఇంటి ఒప్పందం కూడా వచ్చాయి.

ఆ ఒక్క అంశమే మిగిలింది, తిరిగి వస్తామన్న రుజువు. ఇంటి పన్ను రసీదు పెట్టాము. దుకాణపు గదుల అద్దె ఒప్పందాలు పెట్టాము. చిన్నబ్బాయి ఇంజనీరింగ్ కళాశాల ధ్రువపత్రం పెట్టాము. నా పెన్షన్ ఉత్తర్వు పెట్టాము. నేను ఇంకా బతికే ఉన్నానని ఏటా సమర్పించే జీవన ప్రమాణ పత్రం కూడా పెట్టమన్నాడు మా అబ్బాయి. మా ఊరి థర్మల్ విద్యుత్ కేంద్రంలో పనిచేసినవాణ్ణి. 1979లో మొదటి యూనిట్ నడవడం మొదలైన నాటికి నేను బడి పిల్లవాణ్ణి, దాని పొగగొట్టాలు లెక్కపెడుతూ పెరిగాను. ఇప్పుడు దానికి నార్ల తాతారావుగారి పేరు పెట్టారు, మా వాళ్ళు మాత్రం ఇంకా వీటీపీఎస్ అనే అంటారు. బతికి ఉన్నందుకు రుజువు, తిరిగి వచ్చేందుకు రుజువు కూడా అవుతుందని నాకు అంతకు ముందు తట్టలేదు.

అసలైన రుజువుకు మాత్రం కాగితం లేదు. మా అమ్మకు ఎనభై నాలుగేళ్ళు. వరండాలో మంచం మీద ఉంటుంది. ఉదయం చాయ్ నా చేతితో ఇస్తేనే తాగుతుంది. ఆమెను ఏ రూపంలో జతపరచాలి? ఆధార్ నకలు పెడదామన్నాడు మా అబ్బాయి. పెట్టాము గానీ అది ఆమె పుట్టిన సంవత్సరం తప్పుగా చెప్పే ఒక కాగితం, అంతకంటే ఏమీ కాదు. అందుకని వివరణ లేఖలో నాలుగు వాక్యాలు ఎక్కువ రాశాను. వృద్ధురాలైన తల్లి ఉన్నదని, నేను లేని రోజుల్లో మా చెల్లెలు వచ్చి చూసుకుంటుందని, అరవై రోజులకు మించి నేను ఆమెను విడిచి ఉండలేనని రాశాను. పాస్‌పోర్టులో 2019 హజ్ నాటి రాకపోకల ముద్రల పుటను కూడా నకలు తీసి పెట్టాము. అల్లాహ్ గృహానికి వెళ్ళి కూడా తిరిగి వచ్చినవాళ్ళం, జలపాతాలకు ఆగిపోతామా అని మా ఇంటావిడ వ్యాఖ్యానం. అది లేఖలో రాయలేదు.

టీకా గురించి ముందే తెలిసి ఉంటే కొంత హడావిడి తప్పేది. బ్రెజిల్ ఎల్లో ఫీవర్ అనే జ్వరం ఉన్న దేశాల్లో ఒకటి. ఆ టీకా ధ్రువపత్రం లేకుండా అలాంటి దేశం నుంచి వచ్చినవారిని మన దేశపు విమానాశ్రయంలోనే ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. అంటే ఈ పత్రం వెళ్ళడానికంటే ముఖ్యంగా ఇల్లు చేరడానికి కావాలి. టీకా వేసుకున్న పదో రోజు నుంచి అది చెల్లుతుంది. 2016 జూలై నుంచి ఒకసారి వేసుకుంటే జీవితాంతం చాలు. ఏ ఆసుపత్రిలో పడితే అక్కడ వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. విశాఖపట్నంలో పోర్టు ఆరోగ్య సంస్థలో ఉంది, హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఉంది. మేము హైదరాబాదు వెళ్ళాము. ఒక సీసా తెరిచి మందు కలిపితే ఆరు గంటల్లోపు వాడేయాలి, ఒక్కొక్క సీసాలో పలువురికి సరిపడా మోతాదులు ఉంటాయి. అందుకే ముందుగా పేరు నమోదు చేసుకొని నిర్ణయించిన రోజున రమ్మంటారు. గుడ్డు పడనివారు ముందే చెప్పాలి, ఈ టీకా కోడిగుడ్డు పిండాల్లో తయారవుతుంది. అరవై దాటినవారికి అరుదుగానైనా తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చే అవకాశం ఎక్కువ కనుక డాక్టరుగారు నన్ను చాలాసేపు ప్రశ్నించి, పాత మందుల చీటీలు చూసి, ఆ తరువాతనే వేశారు. చేతికి పసుపుపచ్చ పుస్తకం ఇచ్చారు. దానిలో మాత్రం ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే దగ్గరుండి రాయించాను!

తరువాత నిరీక్షణ. ఆ రోజుల్లో సాయంత్రాలు ఫెర్రీ దగ్గర పవిత్ర సంగమం గట్టు మీద కూర్చునేవాణ్ణి. 2015లో పట్టిసీమ నుంచి ఎత్తిపోసిన గోదావరి నీరు ఇక్కడికే వచ్చి కృష్ణలో కలిసింది. రెండు నదులు కలిసే చోట కూర్చుని, మేము వెళ్ళబోయే దేశం గురించి చదువుతూ ఉండేవాణ్ణి. చదివిన కొద్దీ ఆశ్చర్యం కలిగింది. ఆ దేశానికి మన వైపు నుంచి మాకంటే ముందు వెళ్ళిన బంధువులు ఉన్నారు. అవి మన ఒంగోలు జాతి ఎడ్లు, ఆవులు. కృష్ణకు అవతలి ఒడ్డు నుంచి పెన్న దాకా వాటి పుట్టిల్లు. పంతొమ్మిదో శతాబ్దంలో ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది కనుక బ్రెజిల్ ప్రజలు ఆ జాతిని నెలోరె అంటారు. 1878లో ఒక బ్రెజిల్ రైతు జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో వాటిని చూసి ముచ్చటపడి కొనుక్కెళ్ళాడు. 1960ల తొలినాళ్ళలో మళ్ళీ మన ప్రాంతం నుంచి కొన్ని ఓడలో వెళ్ళాయి. వాటిలో ఒంగోలు దగ్గరి కరవది గ్రామం పేరు పెట్టుకున్న గిత్త అక్కడ ఎంత ప్రసిద్ధి పొందిందంటే, పశువుల వంశావళి పుస్తకాల్లో నేటికీ ఆ పేరు కనబడుతుంది. వాటికి కూడా నేరుగా ప్రవేశం దొరకలేదు. వ్యాధులు లేవని తేలేదాకా సముద్రం మధ్యలో ఫెర్నాండో డి నొరోన్యా అనే దీవిలో ఆపి ఉంచారు. ఇప్పుడు బ్రెజిల్ మాంసపు పశువుల్లో అత్యధిక భాగం ఆ జాతివే. అక్కడ హలాల్ దొరుకుతుందా అని మా ఇంటావిడ బెంగపడింది గానీ, ప్రపంచంలో హలాల్ కోడిమాంసం అందరికంటే ఎక్కువ ఎగుమతి చేసే దేశమే అది.

మరొక సంగతి నన్ను చాలా రోజులు వెంటాడింది. 1835 జనవరిలో, రమజాన్ మాసంలో, బ్రెజిల్‌లోని సాల్వడోర్ నగరంలో ఆఫ్రికా ముస్లిం బానిసలు తిరుగుబాటు చేశారు. తిరుగుబాటు అణగిపోయింది. తరువాత జరిగిన సోదాల్లో ఎవరి దగ్గరైనా అరబ్బీ అక్షరాలున్న కాగితం దొరికితే దానినే నేరానికి రుజువుగా న్యాయస్థానంలో పెట్టారు. దుఆ రాసుకున్న చీటీలు, పిల్లవాడు అక్షరాలు దిద్దుకున్న కాగితాలు కూడా పోలీసుల దస్త్రాల్లోకి వెళ్ళాయి. ఉర్దూ నికాహ్‌నామాను నిర్భయంగా కవరులో పెట్టి పంపిన నాకు ఆ కాగితాలు గుర్తొచ్చినప్పుడు ఒళ్ళు జలదరించింది.

మూడు దశాబ్దాల తరువాత, 1866లో, ఉస్మానియా నౌకాదళపు ఓడ ఒకటి ఇస్తాంబుల్ నుంచి ఆఫ్రికాను చుట్టి బస్రా చేరవలసింది, తుఫానుకు దారి తప్పి రియో డి జనీరో చేరింది. అందులో అబ్దుర్రహ్మాన్ అల్ బగ్దాదీ అనే ఇమాం ఉన్నారు. ఓడ చూడవచ్చిన నల్లజాతివారు కొందరు ఆయనకు సలాం చెప్పారు. ఇంత దూరంలో సలామా అని ఆయన విస్తుపోయారు. వారు గుట్టుగా దీన్‌ను కాపాడుకుంటున్న ముస్లింలు. తమకు నేర్పడానికి ఉండిపొమ్మని వారు వేడుకోగా ఆయన ఓడ దిగిపోయారు. రియోలో, సాల్వడోర్‌లో, పెర్నాంబుకోలో సుమారు మూడేళ్ళు గడిపి, తిరిగి వెళ్ళాక ఆ అనుభవాలను అరబ్బీలో గ్రంథంగా రాశారు. ఆయనను ఏ కాన్సులేటూ తిరిగి వెళతావని రుజువేమిటని అడగలేదు. అయినా తిరిగి వెళ్ళారు. సావో పాలోలో ముస్లింల సంఘం 1929లో ఏర్పడింది, వారు నిర్మించుకున్న మస్జిద్ అమ్మాయి వాళ్ళ ఇంటి నుంచి మెట్రోలో అరగంట ప్రయాణమట.

ఇరవై మూడో రోజున కొరియర్ కుర్రవాడు ఫోను చేశాడు. "ఇబ్రహీంపట్నమేనా సార్, విజయవాడ దగ్గరదేనా?" అని అడిగాడు. రెండు పాస్‌పోర్టులలోనూ వీసాలు ఉన్నాయి. అల్‌హందులిల్లాహ్. మా ఇంటావిడ అక్కడికక్కడే షుక్రానా రెండు రకాతులు చదివింది. నేను మాత్రం అమ్మ మంచం దగ్గరకు వెళ్ళి కూర్చున్నాను. వీసా ఇచ్చింది ముంబై, ప్రయాణానికి అనుమతి ఇవ్వవలసింది అమ్మ.

ఆమెకు బ్రెజిల్ అన్న మాట నోరు తిరగలేదు. ఎంత దూరమని అడగలేదు, ఎన్ని రోజులని అడగలేదు.

"అక్కడ ఏ వైపు తిరిగి నమాజు చేస్తారు బేటా?" అని అడిగింది.

"తూర్పు వైపు అమ్మా. కొంచెం ఉత్తరానికి వాలుగా."

ఎనభై ఏళ్ళుగా పడమటి గోడ వైపే తిరిగి నమాజు చేసిన మనిషి. చాలాసేపు ఆ గోడనే చూసింది.

"అయితే మీరూ నేనూ ఎదురెదురుగా నిలబడతామన్నమాట," అన్నది. "వెళ్ళి రండి."

తరువాత ఆమె అడిగిన ప్రశ్న నమాజు వేళల గురించి. మా అబ్బాయి చెప్పాడు. అక్కడి గడియారం మన కంటే ఎనిమిదిన్నర గంటలు వెనక. ఇక్కడ తెల్లవారి అయిదు గంటలకు మనం ఫజ్ర్‌కు లేస్తే అక్కడ ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర, ఇషా వేళ. అక్కడ వాళ్ళు ఫజ్ర్‌కు లేచే సమయానికి ఇక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర, జుహ్ర్ వేళ. అమ్మకు ఆ లెక్క ఒక పట్టాన నిలవలేదు. వాడు కాలెండరు వెనక పెద్ద అక్షరాలతో రెండు వరుసల్లో రాసి, మంచం మీది నుంచి కనబడేలా పడమటి గోడకు తగిలించాడు.